కొండగోగు బంకతో వెండి నానో కణాలు: తయారీ నుంచి ఉత్ప్రేరక పరీక్ష దాకా ఎలా చేయాలి

సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో దాదాపు ఏ ఆకు కషాయం పోసినా గంటలోనో పూటలోనో పసుపు రంగో గోధుమ రంగో తిరుగుతుంది. వెండి అయాన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చే పదార్థాలకు మొక్కల్లో కొదవ లేదు. వెండి కూడా తేలిగ్గా లొంగే లోహమే, దాని ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్ అందుకునే మొగ్గును చెప్పే అంకె) +0.80 వోల్టులు. కాబట్టి రంగు రావడం పెద్ద పని కాదు. వచ్చిన రంగు నానో కణాలదేనా, ఆ కణాలే ఉత్ప్రేరకంగా చర్యను నడిపిస్తున్నాయా, నెల తర్వాత మళ్లీ చేస్తే అదే అంకె వస్తుందా అని తేల్చడమే అసలు పని. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో ఈ పని ఎత్తుకున్నవారి కోసం, కాలేజీ ల్యాబ్‌లో ఉండే సామాన్లతో అయ్యే ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం.

ఆకు వదిలి బంక ఎందుకు

ఆకు కషాయంతో మూడు చిక్కులున్నాయి. వానాకాలం కోసిన ఆకుకూ ఎండాకాలం కోసిన ఆకుకూ రసంలో తేడా ఉంటుంది. చాలా ఆకుల్లో క్లోరైడ్ ఉంటుంది, అది వెండిని పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా దింపేస్తుంది. పైగా కషాయానికి సొంత రంగు ఉంటుంది, అది మనం కొలవాల్సిన తరంగదైర్ఘ్యాలకే అడ్డం పడుతుంది.

బంకతో ఈ తలనొప్పులు తక్కువ. కొండగోగు మన రాతి గుట్టల మీద పెరిగే చెట్టు. ఎండలు మొదలయ్యేసరికి ఆకు రాల్చి, మోడు కొమ్మల మీద పెద్ద పసుపు పూలు పూస్తుంది. దాని మాను నుంచి కారే బంక ఒక పాలీశాకరైడ్. అందులో గెలక్టోజ్, రామ్నోజ్ లాంటి చక్కెరలతో పాటు గెలక్ట్యురోనిక్, గ్లూక్యురోనిక్ ఆమ్లాలు ఉంటాయి. హైడ్రాక్సిల్ గుంపులు వెండి అయాన్‌ను క్షయకరిస్తాయి. కార్బాక్సిల్ గుంపులున్న పొడవాటి గొలుసు కణాన్ని చుట్టుకుని, పక్క కణంతో అతుక్కోకుండా ఆపుతుంది. అంటే క్షయకరణికీ స్థిరీకరణికీ ఒకటే పదార్థం సరిపోతుంది. ఈ బంకతో ఆటోక్లేవ్‌లో వెండి నానో కణాలు చేసే పద్ధతిని 2010లో హైదరాబాద్‌లోని బార్క్ (భాభా అణు పరిశోధన సంస్థ) కేంద్రం శాస్త్రవేత్తలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారితో కలిసి ప్రచురించారు.

ఇంకో సుగుణం ఏమిటంటే, గది ఉష్ణోగ్రత దగ్గర ఈ బంక వెండిని దాదాపు కదిలించదు. వేడి పెట్టినప్పుడే చర్య మొదలవుతుంది, తీసేస్తే ఆగుతుంది. ఆకు కషాయం అలా కాదు, పోసిన క్షణం నుంచీ మీ చేతిలో ఉండదు.

బంకలను గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొంటుంది, మూలికల దుకాణాల్లోనూ దొరుకుతాయి. కొండగోగు బంకా తపసి బంకా చూపుకు దగ్గరగా ఉంటాయి, అందుకని ఏ చెట్టుదో అడిగి కొనండి. ప్రాజెక్టు మొత్తానికి సరిపడా, కనీసం 50 గ్రాములు, ఒకేసారి తీసుకుని ఒకే డబ్బాలో పెట్టుకోండి. మధ్యలో కొత్త సరుకు కలిపితే పాత అంకెలతో పోలిక పోయినట్టే.

సిద్ధం చేసుకోవాల్సినవి

ముందు గాజు సామాను. 1:1 నైట్రిక్ ఆమ్లంతో ఒకసారి కడిగి, ఆ తర్వాత స్వేదన జలంతో కనీసం ఐదుసార్లు కడగండి. చివరి కడుగు కుళాయి నీళ్లతో అయితే పని చెడుతుంది, ఎందుకంటే అందులోని క్లోరైడ్ చాలు వెండి పాలలా విరగడానికి. గీతలు పడ్డ పాత సీసాలు వాడొద్దు. గీతల దగ్గర వెండి పేరుకుని అద్దం కడుతుంది.

నీళ్లు స్వేదన జలమైనా, డీఅయనైజ్డ్ అయినా సరే, కానీ వాడేముందు ఒక పరీక్ష చేయండి. పరీక్షనాళికలో 5 మి.లీ. నీళ్లు తీసుకుని రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి, నల్ల కాగితం ముందు పెట్టి చూడండి. కాస్త మబ్బు కనిపించినా ఆ నీళ్లు పక్కన పెట్టేయండి.

సిల్వర్ నైట్రేట్ ద్రావణం 10 మిల్లీమోలార్ చేసుకోండి. అణుభారం 169.87 కాబట్టి 0.170 గ్రాములు తూచి 100 మి.లీ. చేస్తే సరి. నేరుగా 1 మిల్లీమోలార్ చేద్దామని 0.017 గ్రాములు తూచడం మామూలు త్రాసుకు కష్టం, అక్కడే 5 శాతం తప్పు దొర్లుతుంది. ముదురు గోధుమ రంగు సీసాలో, వెలుతురు తగలకుండా దాచండి. చేతి మీద పడితే మరునాటికి నల్ల మచ్చ అవుతుంది, వారం దాకా పోదు. గ్లోవ్స్ వేసుకోండి.

బంక ద్రావణం

బంక ముక్కల్లోంచి బెరడు, ఇసుక ఏరేసి పొడి చేయండి, సన్నని జల్లెడ పట్టండి. 100 మి.లీ. నీళ్లను మాగ్నెటిక్ స్టిర్రర్ మీద జోరుగా తిప్పుతూ 0.5 గ్రాముల పొడిని చిటికెడు చిటికెడుగా చల్లండి. ఒక్కసారిగా పోస్తే ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు పైన తడిసి లోపల పొడిగా మిగులుతుంది, ఆ ఉండ రాత్రంతా తిప్పినా విడదు. గది ఉష్ణోగ్రత దగ్గరే రాత్రంతా తిరగనివ్వండి.

తెల్లారేసరికి ద్రావణం చిక్కగా ఉంటుంది, కానీ బంక అంతా కరగదు. ఉబ్బిన జెల్లీ కొంత మిగులుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేటను మాత్రమే తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ లేకపోతే మూడు మడతల మస్లిన్ గుడ్డలో వడకట్టి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి పైతేట వంచుకోవచ్చు.

చాలామంది వదిలేసే అడుగు ఒకటుంది. కరగని భాగం తీసేశాక మీ ద్రావణం ఇక 0.5 శాతం కాదు. అసలెంతో తెలియాలంటే 10 మి.లీ. తేటను ముందే తూచిన గాజు గిన్నెలో పోసి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టండి. 0.038 గ్రాములు మిగిలితే మీ ద్రావణం 0.38 శాతం. నోట్‌బుక్‌లో ఈ అంకె రాయండి, 0.5 కాదు. రెండో బ్యాచ్ 0.42 వస్తే మొదటిదాంతో సరిపోయేలా నీళ్లతో పలచన చేసి సమానం చేసుకోవచ్చు.

బంక ద్రావణం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఉంచొద్దు. పాలీశాకరైడ్ బూజుకు విందు భోజనం. చిక్కదనం తగ్గిందన్నా, వాసన మారిందన్నా పారబోయండి.

వేడి పెట్టడం

100 మి.లీ. బోరోసిలికేట్ సీసాలో 45 మి.లీ. బంక తేట, 5 మి.లీ. సిల్వర్ నైట్రేట్ కలపండి. ఇప్పుడు మొత్తం వెండి 1 మిల్లీమోలార్. మూత బిగించకుండా వదులుగా పెట్టి, లేదా దూది బిరడా పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం దగ్గర 30 నిమిషాలు.

ఈ ఒక్క సీసాతో సరిపెట్టకండి. అదే విడతలో ఇంకో రెండు సీసాలు పెట్టాలి: ఒకటి 45 మి.లీ. బంక, 5 మి.లీ. నీళ్లు, రెండోది 45 మి.లీ. నీళ్లు, 5 మి.లీ. సిల్వర్ నైట్రేట్. మూడో సీసాలో అసలు మిశ్రమమే పోసి, వేడి పెట్టకుండా చీకటి అలమారలో ఉంచండి. బంక ఒక్కదాన్నే వేడిచేసినా పాకం లేతగా ముదిరినట్టు కాస్త రంగు రావచ్చు. ఆ సీసా లేకుండా మీ పసుపులో ఎంత వెండిదో, ఎంత బంకదో చెప్పలేరు.

ఆటోక్లేవ్ లేకపోతే ఇంట్లో వాడే రకం ప్రెషర్ కుక్కర్ కూడా పనిచేస్తుంది. బరువు విజిల్ లేచే పీడనం వాతావరణ పీడనం కంటే సుమారు 1 బార్ ఎక్కువ, అంటే లోపల దాదాపు 120 డిగ్రీలు. అడుగున జాలీ పెట్టి, రెండు అంగుళాల నీళ్లు పోసి, సీసాలు నిలబెట్టండి. మొదటి విజిల్ నుంచి టైము లెక్కపెట్టి, అప్పుడప్పుడు విజిల్ వచ్చేలా మంట సర్దుకోండి. సిమ్‌లో పెట్టి మరచిపోతే పీడనం పడిపోయి రంగు లేతగా వస్తుంది. వాడిన కుక్కర్ మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. థీసిస్ కోసం ఇచ్చే అంకెలకు మాత్రం ఆటోక్లేవే వాడండి.

పీడనం దానంతటదే సున్నాకు దిగేదాకా మూత తీయొద్దు. తొందరపడితే వేడెక్కిన ద్రావణం ఒక్కసారి పొంగి సగం బయటికి వస్తుంది. సీసా పగలనూ వచ్చు.

చల్లారాక అసలు సీసా తేనె రంగులో, తేటగా ఉండాలి. సిల్వర్ నైట్రేట్ నీళ్ల సీసాకు రంగు ఉండకూడదు. సమయం ప్రభావం చూడాలంటే 10, 20, 30, 45, 60 నిమిషాలకు వేర్వేరు సీసాలు వేర్వేరు విడతల్లో పెట్టండి. మధ్యలో తెరిచి చూసి మళ్లీ పెడితే అది వేరే ప్రయోగం అవుతుంది.

తెల్లగా పాలలా ఉందంటే క్లోరైడ్ వచ్చింది: నీళ్లు, గాజు, బంక, ఈ వరుసలో అనుమానించండి. రంగే లేకపోతే ఉష్ణోగ్రత అందలేదు, లేదా సిల్వర్ నైట్రేట్ పాతబడి సీసా అడుగున నల్లగా దిగింది. బూడిద రంగు మడ్డి దిగితే బంక చాలక కణాలు అతుక్కున్నాయి. చర్య వేగం పెంచుదామని క్షారం కలిపే అలవాటు కొందరికి ఉంది. బంక ద్రావణం సహజంగా కాస్త ఆమ్లం, దాన్ని తటస్థం చేసేంత వరకు పరవాలేదు. మోతాదు మించితే గోధుమ రంగు సిల్వర్ ఆక్సైడ్ దిగుతుంది, దాన్ని చూసి నానో కణాలు బాగా వచ్చాయని మురిసిపోయిన ప్రాజెక్టులు తక్కువేమీ కాదు.

కణాలున్నాయని నిర్ధారించడం

కొల్లాయిడ్‌ను (కణాలు తేలుతున్న ఆ తేనె రంగు ద్రావణాన్ని) పది రెట్లు పలచన చేసి, యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 300 నుంచి 700 నానోమీటర్ల దాకా స్పెక్ట్రమ్ తీయండి. బ్లాంక్‌గా నీళ్లు కాదు, ఆటోక్లేవ్‌లో పెట్టిన బంక సీసాను అదే మోతాదులో పలచన చేసి వాడండి. గోళాకార వెండి కణాలకు 400 నుంచి 420 నానోమీటర్ల మధ్య ఒకే పీక్ రావాలి. 500 దాటాక తోక ఎత్తుగా సాగిందంటే కణాలు గుంపు కట్టాయి. పీక్ వెడల్పైతే సైజులు కలగాపులగమని తొందరపడి రాయకండి, 5 నానోమీటర్ల లోపు కణాలకు కూడా పీక్ వెడల్పుగానే వస్తుంది. ఆ రెండింటినీ విడదీసి చెప్పేది టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చిత్రమే. ఒక్క చిత్రంతో కాకుండా కనీసం 100 కణాలు కొలిచి సగటు రాయండి.

డీఎల్ఎస్ (కణాల మీద చెదిరే వెలుతురుతో సైజు కొలిచే పద్ధతి) ఇచ్చే సైజు టీఈఎం కంటే చాలా పెద్దగా వస్తుంది. తప్పేం కాదు. అది కణాన్ని చుట్టిన, నీళ్లు పీల్చిన బంక పొరతో కలిపి కొలుస్తుంది.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో రాగి కిరణంతో లోహ వెండికి 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర పీక్‌లు వస్తాయి. 27.8, 32.2, 46.2 దగ్గర అదనంగా కనిపిస్తే అది సిల్వర్ క్లోరైడ్. ఆకు కషాయాలతో చేసిన పనుల్లో ఈ పీక్‌లు తరచూ కనిపిస్తాయి, వాటిని ‘సేంద్రియ పదార్థాల పీక్‌లు’ అని రాసి దాటేయడం సరికాదు.

మిగిలిన వెండి అయాన్లను తీసేయడం

ఉత్ప్రేరక పరీక్ష ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. చర్య జరగక మిగిలిన వెండి అయాన్లు కొల్లాయిడ్‌లో ఉండిపోతే, పరీక్షలో వాడే సోడియం బోరోహైడ్రైడ్ వాటిని అక్కడికక్కడే వెండి కణాలుగా మార్చేస్తుంది. అప్పుడు చర్య నడిపేది మీరు బంకతో చేసిన కణాలు కాదు, బోరోహైడ్రైడ్ అప్పుడే పుట్టించినవి. స్పెక్ట్రమ్ మాత్రం చక్కగానే ఉంటుంది.

ఇంత చిన్న కణాలు మామూలు సెంట్రిఫ్యూజ్‌లో సరిగా దిగవు, బంక పొర వాటిని తేల్చి ఉంచుతుంది. అందుకని డయాలిసిస్ మేలు, అంటే సన్న రంధ్రాల పొర గుండా అయాన్లను బయటి నీళ్లలోకి పోనిచ్చి కణాలను లోపలే ఉంచడం. 12 నుంచి 14 కిలోడాల్టన్ల గొట్టంలో 20 మి.లీ. కొల్లాయిడ్ పోసి, పైన కాస్త ఖాళీ వదిలి ముడి వేయండి. మొదటి విడతకు 100 మి.లీ. నీళ్లే తీసుకోండి, నాలుగు గంటల తర్వాత ఆ బయటి నీళ్లలో 5 మి.లీ. తీసి ఉప్పు ద్రావణం రెండు చుక్కలు వేయండి. నల్ల కాగితం ముందు మబ్బు కనిపిస్తే వెండి అయాన్లు మిగిలే ఉన్నాయన్నమాట. తర్వాత లీటరు నీళ్లలోకి మార్చి, 24 గంటల్లో మూడు నాలుగుసార్లు నీళ్లు మార్చండి.

గొట్టంలోకి నీళ్లు ఎక్కి పరిమాణం పెరుగుతుంది. తీశాక ఎన్ని మి.లీ. ఉందో కొలవండి. వీలైతే కొంత కొల్లాయిడ్‌ను నైట్రిక్ ఆమ్లంతో కరిగించి, అటామిక్ అబ్సార్ప్షన్‌తో వెండి ఎంతుందో కొలిపించండి. కింది లెక్కలు కొల్లాయిడ్‌లో వెండి 1 మిల్లీమోలార్ ఉందనుకుని ఇస్తున్నాం, మీ అంకె 0.8 వస్తే దానికి తగ్గట్టు మార్చుకోండి.

ఉత్ప్రేరక పరీక్ష: 4-నైట్రోఫినాల్

4-నైట్రోఫినాల్‌ను బోరోహైడ్రైడ్‌తో 4-అమైనోఫినాల్‌గా మార్చడం ఈ రంగంలో అందరూ చేసే కొలత. వెండి కణాలతో దీన్ని వాడుకలోకి తెచ్చినవారిలో ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని తారాశంకర్ పాల్ బృందం ముందుంది. శక్తి లెక్కల ప్రకారం ఈ చర్య జరగాల్సిందే, కానీ బోరోహైడ్రైడ్ అయాన్‌కూ నైట్రోఫినోలేట్‌కూ రెండిటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. లోహ కణం మధ్యవర్తిలా బోరోహైడ్రైడ్ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని, తన మీద వాలిన నైట్రోఫినోలేట్‌కు అందిస్తుంది. కణం లేకపోతే పసుపు రంగు గంటలైనా అలాగే ఉంటుంది.

ద్రావణాలు:

- 4-నైట్రోఫినాల్, 2 మిల్లీమోలార్: 0.0278 గ్రాములు 100 మి.లీ.కు. విషపదార్థం, నోటితో పైపెట్ చేయొద్దు.
- సోడియం బోరోహైడ్రైడ్, 0.1 మోలార్: 0.038 గ్రాములు 10 మి.లీ. మంచు చల్లని నీళ్లకు. ప్రతిసారీ తాజాగా చేసి అరగంటలో వాడేయాలి. మూత బిగించొద్దు, హైడ్రోజన్ వస్తూ ఉంటుంది.
- కొల్లాయిడ్‌ను ఐదు రెట్లు పలచన చేసింది, అంటే 0.2 మిల్లీమోలార్ వెండి.

1 సెం.మీ. క్యూవెట్‌లో 2.55 మి.లీ. నీళ్లు, 0.1 మి.లీ. నైట్రోఫినాల్ వేసి స్పెక్ట్రమ్ తీయండి. పీక్ 317 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. 0.3 మి.లీ. బోరోహైడ్రైడ్ వేయగానే ద్రావణం చిక్కటి పసుపుగా మారి పీక్ 400కు జరుగుతుంది. ఇది క్షయకరణం కాదు, క్షారత పెరిగి ఫినాల్ ఫినోలేట్‌గా మారిందంతే. శోషణం 1.2 దరిదాపుల్లో ఉండాలి. ఐదు నిమిషాలు ఆగి, ఆ అంకె తగ్గడం లేదని రూఢి చేసుకోండి. తర్వాత 0.05 మి.లీ. పలచన కొల్లాయిడ్ వేసి, రెండుసార్లు తలకిందులు చేసి, స్టాప్‌వాచ్ నొక్కండి.

కొల్లాయిడ్‌ను ఎందుకు పలచన చేయాలి? వెండి కణాల సొంత పీక్ కూడా 400 దగ్గరే ఉంది. చిక్కటి కొల్లాయిడ్ వేస్తే మీరు కొలిచేది నైట్రోఫినోలేట్‌నా, వెండినా తెలియదు. రెండో కారణం, చిక్కటిది వేస్తే నైట్రోఫినాల్ నాలుగు అణువులకు ఒక వెండి పరమాణువు పడుతుంది, అంత వేస్తే ఉత్ప్రేరకం అనే మాటకే విలువ తగ్గుతుంది. ఇక్కడి మోతాదులో అది ఇరవైకి ఒకటి.

ప్రతి నిమిషానికీ 250 నుంచి 500 దాకా స్కాన్ చేయండి. 400 దగ్గర తగ్గుతూ 300 దగ్గర కొత్త పీక్ లేవాలి, అది అమైనోఫినాల్. స్కాన్లన్నీ ఒకే చోట ఒకదాన్నొకటి ఖండించే బిందువులు కనిపిస్తే మధ్యలో పక్కదారి పట్టిన ఉత్పన్నం లేదన్నమాట. 400 తగ్గింది కానీ 300 లేవలేదంటే నైట్రోఫినాల్ మారలేదు, ఎక్కడో అతుక్కుని ఉంటుంది.

మొదట ఒకటి రెండు నిమిషాలు ఏ మార్పూ లేకపోవచ్చు. కణాల ఉపరితలం సిద్ధమవడానికి, ద్రావణంలో కరిగిన ఆక్సిజన్ ఖర్చవడానికి పట్టే సమయం అది. ఆ భాగాన్ని రేటు లెక్కలో కలపకండి. ఎంతసేపు ఉందో విడిగా రాయండి. నైట్రోజన్ ఊదితే తగ్గుతుంది.

హైడ్రోజన్ బుడగలు క్యూవెట్ గోడకు పట్టి రీడింగులు ఎగుడుదిగుడు చేస్తాయి. ప్రతి రీడింగుకు ముందు వేలితో చిన్నగా తట్టండి. ఇరవై నిమిషాల్లో సగం కూడా తగ్గకపోతే కొల్లాయిడ్ 0.1 మి.లీ.కి పెంచి, అంత మేర నీళ్లు తగ్గించండి. అప్పటికీ కదలకపోతే బోరోహైడ్రైడ్‌ను అనుమానించండి. సీసా మూత సరిగా పెట్టక తేమ పట్టిన పొడి ఉండలు కట్టి ఉంటుంది, దాన్ని ఎంత తూచినా లాభం లేదు.

రేటు లెక్క

బోరోహైడ్రైడ్ 150 రెట్లు ఎక్కువ కాబట్టి దాని గాఢత మారనట్టే లెక్క. చర్య నైట్రోఫినాల్ పరంగా మొదటి క్రమాంకంలా నడుస్తుంది, అంటే వేగం మిగిలిన నైట్రోఫినాల్ గాఢతకు అనులోమంగా ఉంటుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. మొదటి శోషణం 1.24, చర్య పూర్తయ్యాక మిగిలింది 0.04. ఆ 0.04 వెండి కణాలది, దాన్ని ప్రతి రీడింగు నుంచీ తీసేయాలి. 600 సెకన్లకు 0.34 ఉంటే, తీసివేశాక 0.30 భాగించు 1.20, అంటే 0.25. దాని సహజ లాగరిథమ్ మైనస్ 1.386. దాన్ని 600తో భాగిస్తే రేటు స్థిరాంకం సెకనుకు 0.00231. సగం మారడానికి 300 సెకన్లు.

అడుగున మిగిలిన 0.04 తీసేయకుండా లెక్కిస్తే 600 సెకన్ల దగ్గర 0.00216 వస్తుంది, 1200 సెకన్ల దగ్గర 0.00198. గీత చివర్లో వంగుతుంది. ఆ వంపు చూసి ‘ఉత్ప్రేరకం అలసిపోయింది’ అని రాసేవారున్నారు. అలసింది ఉత్ప్రేరకం కాదు, తీసివేతే మరిచారు.

ఇతరుల ఫలితాలతో పోల్చాలంటే వెండి బరువుతో భాగించండి. క్యూవెట్‌లో వెండి 10 నానోమోల్, అంటే 1.08 మైక్రోగ్రాములు. 0.00231ను దానితో భాగిస్తే గ్రాముకు సెకనుకు సుమారు 2140. బరువు చెప్పకుండా ‘మా కణాలు 4 నిమిషాల్లో రంగు పోగొట్టాయి’ అంటే ఏమీ చెప్పనట్టే, ఎక్కువ పోస్తే ఎవరివైనా 4 నిమిషాల్లో పోగొడతాయి.

ఇదే కొలత 25, 30, 35, 40, 45 డిగ్రీల దగ్గర చేసి, రేటు స్థిరాంకం సహజ లాగరిథమ్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే వాలు నుంచి ఉత్తేజిత శక్తి వస్తుంది. వాలును మైనస్ 8.314తో గుణిస్తే సరి. క్యూవెట్ హోల్డర్‌కు నీళ్ల సర్క్యులేటర్ లేకపోతే ఈ భాగం మానేయండి. బీకరులో వేడి చేసి పరుగెత్తుకొచ్చి క్యూవెట్‌లో పోస్తే వచ్చే అంకె దండగ.

పోలిక ప్రయోగాలు లేకుండా ఫలితం లేదు

అదే పరీక్ష ఇంకో నాలుగుసార్లు చేయాలి. మూడింటిలో కొల్లాయిడ్ బదులు ఇవి వేయాలి: ఉత్త నీళ్లు, ఆటోక్లేవ్ చేసి పలచన చేసిన బంక, 0.2 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్. నాలుగోది కొల్లాయిడ్ ఉంచి బోరోహైడ్రైడ్ తీసేసింది. చివరిదానికి అర చుక్క సోడియం హైడ్రాక్సైడ్ కలిపి 400 పీక్ తెప్పించాలి. అప్పుడు కణాలు నైట్రోఫినోలేట్‌ను పీల్చుకుంటున్నాయేమో తెలుస్తుంది.

సిల్వర్ నైట్రేట్ వేసిన క్యూవెట్‌లో కూడా రంగు పోతుంది, కంగారు పడకండి. బోరోహైడ్రైడ్ అక్కడ కణాలు చేసింది. మీ బంక కణాల రేటు దానికంటే మెరుగా, తక్కువా అన్నది నిజాయితీగా రాయండి. బంక పొర మందంగా ఉంటే నైట్రోఫినోలేట్ కణం దాకా చేరడం ఆలస్యమై రేటు తగ్గవచ్చు. స్థిరత్వానికి కట్టే మూల్యం అది. బంక తగ్గించి చూడటం ఇంకో మంచి ప్రయోగం.

రంగుల గురించి ఒక మాట. మిథిలీన్ బ్లూతో ఇదే పని చేసి ‘రంగు నీటి శుద్ధి’ అని శీర్షిక పెట్టడం మామూలైపోయింది. నీలం పోయాక బోరోహైడ్రైడ్ ఖర్చయ్యేదాకా ఆగి, సీసా తెరిచి గాలి తగిలేలా బాగా ఊపండి. నీలం తిరిగొస్తే రంగు అణువు ముక్కలవలేదు, రంగులేని ల్యూకో రూపంలోకి వెళ్లి మళ్లీ వచ్చింది. దాన్ని శుద్ధి అనకూడదు.

‘గ్రీన్’ అనే మాటా అంతే. కణాల తయారీలో విషపు క్షయకరణి లేదు, సేంద్రియ ద్రావణి లేదు, ఆ మేరకు ఆ మాట వాడొచ్చు. పరీక్షలో వాడే బోరోహైడ్రైడ్ మాత్రం గ్రీన్ కాదు. అది కొలబద్ద మాత్రమే.

మళ్లీ వాడుకోవాలంటే

కొల్లాయిడ్‌ను చర్య తర్వాత వడకట్టి తీయలేరు. మళ్లీ వాడాలంటే పూసల్లో బంధించాలి. 2 శాతం సోడియం ఆల్జినేట్ ద్రావణంలో డయాలిసిస్ చేసిన కొల్లాయిడ్ సమానంగా కలిపి, సిరంజితో చుక్కచుక్కగా కాల్షియం ద్రావణంలో వేస్తే పసుపు పూసలు గడతాయి. అందరూ కాల్షియం క్లోరైడ్ వాడతారు, వెండి ఉన్నప్పుడు కాల్షియం నైట్రేట్ వాడండి. కారణం మీకిప్పటికే తెలుసు.

పూసల్లోకి నైట్రోఫినోలేట్ ఇంకడానికి సమయం పడుతుంది కాబట్టి రేటు తగ్గుతుంది. సగం చర్య అయ్యాక పూసలు తీసేసి మిగతా ద్రావణాన్ని గమనించండి. పసుపు తగ్గుతూనే ఉంటే వెండి బయటికి కారింది. ఐదుసార్లు వాడామని చెప్పేటప్పుడు ప్రతిసారీ 100 శాతం మారిన పట్టిక ఇవ్వకండి. పూసలు ఎక్కువ వేసి ఎక్కువసేపు ఉంచితే సగం చచ్చిన ఉత్ప్రేరకం కూడా 100 చూపిస్తుంది. ఒక నిర్ణీత సమయంలో, సగం దగ్గర ఎంత మారిందో పోల్చండి.

వ్యర్థాలు

వెండి ఉన్న ద్రావణాలన్నీ ఒక సీసాలో పోగుచేయండి, సింక్‌లో పోయొద్దు. అమ్మోనియా కలిసిన వెండి ద్రావణాన్ని ఎప్పుడూ నిల్వ ఉంచొద్దు, ఎండితే పేలే పదార్థం తయారవుతుంది. కొల్లాయిడ్ వ్యర్థంలో ముందు కాస్త నైట్రిక్ ఆమ్లం వేసి కణాలను కరిగించి, తర్వాత ఉప్పు వేస్తే సిల్వర్ క్లోరైడ్ దిగుతుంది. వడకట్టి ఆరబెట్టి దాచుకుంటే వెండి తిరిగి రాబట్టుకోవచ్చు. బోరోహైడ్రైడ్ మిగిలిన ద్రావణాన్ని ఆ ఆమ్లపు సీసాలో నేరుగా పోస్తే హైడ్రోజన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మూత లేని బీకరులో, ఫ్యూమ్ హుడ్ కింద, రాత్రంతా వదిలేయండి. మరునాడు పలచటి అసిటిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేసి, బుడగలు పూర్తిగా ఆగాకే వ్యర్థాల సీసాలో కలపండి.